మూడు చక్రాల ముచ్చట

మన క్యాంపుల్లో ఏ గది తలుపు తట్టి "ఇంటి దగ్గర ఆటో తోలినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగినా మంచం మీంచి ఒకడైనా చెయ్యెత్తుతాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ల గది అయితే ఇద్దరు ముగ్గురు కూడా తేలతారు. అప్పు చేసి ఆటో కొనడం, ఆటో అమ్మి వీసా కొనడం, ఇక్కడ నాలుగు రియాళ్లు వెనకేసి మళ్లీ ఆటో కొందామని లెక్కలు వేసుకోవడం. మనలో చాలామంది బతుకు ఈ మూడు చక్రాల మీదే తిరుగుతోంది. అందుకే ఈ వారం వీసాల గోడవ, జీతాల గొడవ పక్కనపెట్టి మూడు చక్రాల బండి ఎందుకు పడిపోతుంది, ఎట్లా కడితే పడకుండా ఉంటుంది అనే సంగతి రాద్దామనుకున్నాను. దీని వెనక మా మేనల్లుడి కథ ఒకటి ఉంది. అది తర్వాత చెప్తాను.

నేను గల్ఫ్‌కు రాకముందు ఎనిమిదేళ్లు సెవెన్ సీటర్ ఆటో తోలాను. జగిత్యాల నుంచి ధర్మపురి రోడ్డు నాది. పేరుకు సెవెన్ సీటర్ గానీ ఏడుగురితో బయలుదేరితే డీజిల్ పైసలు కూడా రావు. వెనక సీట్లో నలుగురు, వాళ్లకు ఎదురుగా బల్ల మీద నలుగురు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు, వెనక మెట్టు మీద నిలబడే కాలేజీ పిల్లలు, టాపు మీద బియ్యం బస్తా, దాని పక్కన కోళ్ల గంప. ఇది మీకు నేను చెప్పాలా? మీలో సగం మంది అట్లాంటి ఆటోలోనే బస్టాండుకు వచ్చి హైదరాబాద్ బస్సు ఎక్కి ఉంటారు.

నాకు బండి నేర్పిన ఉస్తాద్ రెండే మాటలు చెప్పాడు. మలుపులోకి దిగాక బ్రేకు మీద కాలు పెట్టకు, పెట్టేదేదో ముందే పెట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక మెట్టు మీద ఎవణ్ణీ నిలబడనియ్యకు. ఎందుకు ఉస్తాద్ అంటే "చెప్పింది చెయ్యి" అనేవాడు. ఆ రెండు మాటలు ఎంత నిజమో తొందరలోనే ఒంటికి తెలిసింది. వెనక మెట్టు మీద నలుగురు నిలబడి ఉండగా ఎత్తు ఎక్కితే ముందు చక్రం తేలినట్టయ్యేది. హ్యాండిల్ చేతిలో అలవోకగా తిరిగేది, బండి మాత్రం తన దారిన తాను తిన్నగా పోయేది. డ్రైవర్ పక్కన ఇద్దరు కూర్చున్న రోజున మలుపులో ఒక వెనక చక్రం నేల వదిలేస్తున్నట్టు నడుముకు తెలిసేది.

కాలువ కట్ట మలుపులో ఒకసారి నా ముందు పోతున్న ఆటో చూస్తుండగానే పక్కకు ఒరిగి పడింది. గేదె అడ్డం వచ్చిందని మలుపు మధ్యలో బ్రేకు కొట్టాడు పాపం. వేగం ముప్పై కూడా ఉండదు. ఒకరి చెయ్యి విరగడంతో పోయింది గానీ ఊళ్లో చాలా రోజులు అదే మాట. అంత నిదానంగా పోయే బండి ఎట్లా పడిందని వింతపడ్డారు. ఆ మూల మీద దయ్యం ఉందన్నవాళ్లు కూడా ఉన్నారు.

దయ్యం కాదు, త్రిభుజం అని నాకు దోహా వచ్చాక తెలిసింది. సనయ్యాలో మా గోడౌన్‌లో హెల్పర్‌గా చేరాను. మూడేళ్ల తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ ట్రైనింగుకు పంపారు. నేర్పినాయన కేరళ మనిషి, హిందీలో చెప్పేవాడు. మొదటి రోజు బండి ఎక్కనివ్వలేదు. పైనుంచి చూస్తే ఫోర్క్‌లిఫ్ట్ ఎట్లా కనిపిస్తుందో బోర్డు మీద గీసి, దీనికి ఎన్ని కాళ్లు అని అడిగాడు. నాలుగు అన్నాం అందరం. కాదు, మూడు అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. నాలుగు చక్రాలున్న ఫోర్క్‌లిఫ్ట్‌కు కూడా వెనక యాక్సిల్‌ను మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా బిగిస్తారు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు చక్రాలూ ఆనాలని ఆ ఏర్పాటు. కాబట్టి బండి బరువు నిజంగా ఆనేది మూడు చోట్ల. ముందు చక్రాలు రెండు, వెనక ఆ పిన్ను ఒకటి. ఈ మూడు చుక్కల్నీ కలిపితే త్రిభుజం వస్తుంది. దీన్ని స్టెబిలిటీ ట్రయాంగిల్ అంటారు. బండినీ సరుకునూ కలిపి మొత్తం బరువు ఒక్క చోట ఉన్నట్టు లెక్క వేస్తే ఆ చోటును బడి పుస్తకాల్లో గురుత్వ కేంద్రం అంటారు. మనం బరువు కేంద్రం అనుకుందాం. అది ఆ త్రిభుజం లోపల ఉన్నంతసేపు బండి నిలబడుతుంది. గీత దాటితే పడుతుంది.

నిలబడి ఉన్న బండిలో ఆ కేంద్రం కదలదు. బ్రేకు కొడితే అది ముందుకు జరిగినట్టు అవుతుంది, మలుపు తిప్పితే బయటి పక్కకు జరిగినట్టు అవుతుంది. కేంద్రం ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ జరుగుతుంది. ప్యాలెట్ పైకెత్తి బండి తిప్పొద్దని సూపర్‌వైజర్లు అరిచేది అందుకే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సరుకు దించేసిన ఖాళీ బండి భద్రం అనుకుని జోరుగా తిప్పుతారు. సరుకు లేనప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ బరువంతా వెనక దిమ్మె మీద ఉంటుంది. అంటే కేంద్రం త్రిభుజం కొస వైపు, ఇరుకు వైపు ఉంటుంది. పక్కకు పడడానికి అక్కడ జాగా తక్కువే చాలు. ఖాళీ బండి మలుపులో పడిపోవడానికి కారణం ఇదే. ఒకవేళ పడుతుంటే దూకొద్దు. దూకినవాడి మీదనే పై కప్పు వచ్చి పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, పడే దిక్కుకు ఎదురు దిక్కున ఒరిగి ఉండాలి. గోడౌన్లలో పనిచేసే తమ్ముళ్లు ఈ ఒక్క ముక్క అయినా గుర్తు పెట్టుకోండి.

ఆ రోజు బోర్డు మీద త్రిభుజం చూస్తుంటే నాకు మా ఆటో గుర్తొచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ త్రిభుజాన్ని తిరగేస్తే ఆటో. దానికి ముందు రెండు, వెనక ఒకటి. దీనికి ముందు ఒకటి, వెనక రెండు. ఆటోకు వెడల్పు వైపు వెనక ఉంది, ఇరుకు వైపు ముందుంది. లెక్క సులువుగా ఉండేందుకు వెనక చక్రాల మధ్య దూరం 120 సెంటీమీటర్లు అనుకోండి. మధ్య గీత నుంచి ఒక్కో పక్కకు 60. బరువు కేంద్రం సరిగ్గా వెనక యాక్సిల్ మీద ఉంటే ఆ 60 మొత్తం మన జాగా. ముందు చక్రం నుంచి వెనక్కు మూడింట రెండు వంతుల దూరంలో ఉంటే జాగా 40కి పడిపోతుంది. డ్రైవర్‌కు అటూ ఇటూ మనుషుల్ని కూర్చోబెట్టి ఆ కేంద్రాన్ని బండి నడిమధ్యకు తెచ్చామనుకోండి, 30 మిగులుతుంది. టాపు మీద బస్తా వేసి కేంద్రాన్ని ఎత్తాం. ఆ మీద మలుపులో బ్రేకు కొట్టి దాన్ని ఇంకా ముందుకు, ఇరుకులోకి తోశాం. ఇక పడక ఏమవుతుంది? కాలువ కట్ట మీద జరిగింది ఇదే. మా ఉస్తాద్ మొదటి మాటకు అర్థం ఇదే. రెండో మాటకు అర్థం దీనికి తిరగేసి ఉంది. వెనక మెట్టు మీద బరువు ఎక్కువైతే ముందు చక్రానికి తిప్పే బలం ఉండదు. ముందు బరువు పెరిగితే పడుతుంది, తగ్గితే తిరగదు. ఈ రెండిటి నడుమ సన్నటి దారిలోనే మూడు చక్రాల బండి నడవాలి.

వేగం సంగతి కూడా చెప్పాలి. అదే మలుపును 20 కిలోమీటర్ల వేగంతో తిప్పినప్పుడు పక్కకు తోసే బలం ఒకటి అనుకుంటే, 40తో తిప్పినప్పుడు అది రెండు కాదు, నాలుగు. అందుకే చిన్న ఇంజను ఆటోలో దాగి ఉన్న లోపం పెద్ద ఇంజను పెట్టగానే బయటపడుతుంది. ఇంజను బండిని పడేయదు. పడే చోటుకు తొందరగా తీసుకుపోతుంది.

ఇక మేనల్లుడి సంగతి. మా అక్క కొడుకు. ఐటీఐ చదివి జగిత్యాలలో మెకానిక్ షెడ్డు పెట్టాడు. చెయ్యి మంచిది. పోయిన చలికాలంలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. మనకు తొమ్మిది అంటే వాళ్లకు పదకొండున్నర. అంత రాత్రి ఫోన్ వస్తే ఇక్కడ ఉన్న మనకు గుండె ఎట్లా కొట్టుకుంటుందో తెలుసు కదా. వాడు మాత్రం హుషారుగా ఉన్నాడు.

"మామా, వాట్సాప్‌ల వీడియో పంపిన, సూడు."

చూశాను. అమెరికాలో పొలారిస్ కంపెనీ 2014లో తెచ్చిన స్లింగ్‌షాట్ అనే బండి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటే, టాపు లేదు, తలుపుల్లేవు, నేలకు ఆనినట్టు ఇద్దరు కూర్చునే కారు. మేనల్లుడి ప్లాను ఏమిటంటే అట్లాంటిది సొంతంగా కడతాడట. యాక్సిడెంటు అయిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బైకు ఇంజను ఒకటి చవగ్గా దొరికిందట. ఇనుప పైపులతో ఛాసీ సగం అయిపోయిందట. దాన్ని పెళ్లికి ముందు తీసే ఫొటో షూటింగులకు కిరాయికి ఇస్తాడట.

"రెండున్నర లచ్చలు సర్దు మామా. ఏడాదిల ఇచ్చేస్త."

వెనకనుంచి మా అక్క ఫోన్ లాక్కుంది. "నువ్వన్న చెప్పురా తమ్మీ. నాలుగు గిర్రల బండ్లు లేవా లోకంల, గా మూడు గిర్రలదే కావాల్నా వీనికి?"

మీలో ప్రతి ఒక్కరికీ ఇట్లాంటి ఫోన్ వచ్చే ఉంటుంది. ఒకడికి చికెన్ సెంటర్, ఒకడికి బోరు, ఒకడికి డీజే బాక్సులు. పైసలు ఇవ్వకపోతే గల్ఫ్ మామకు గర్వం. ఇచ్చాక అది మునిగితే అక్కకూ బావకూ మొహం చూపించలేం. ఇక్కడ పైసలే కాదు, పిల్లాడి మెడ కూడా లెక్కలో ఉంది. ఆ ఇంజను బలం 47 హార్స్‌పవర్. మన ఆటో ఇంజనుకు నాలుగైదు రెట్లు. సరే, నాకు వారం టైమివ్వు అన్నాను. ఆ వారం డ్యూటీ అయ్యాక రోజూ ఫోన్‌లో మూడు చక్రాల బండ్ల పుట్టుపూర్వోత్తరాలు వెతకడమే నా పని.

లోకంలో మొట్టమొదటి మోటారు కారు అని చెప్పుకునేదే మూడు చక్రాలది. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886 జనవరిలో పేటెంటు తీసుకున్న బండికి ముందు ఒకటే చక్రం. రెండు ముందు చక్రాల్ని సరిగ్గా తిప్పే పద్ధతి అప్పటికి ఆయనకు నచ్చినట్టు కుదరలేదు. ఇంగ్లండులో మోర్గాన్ అనే ఆయన 1909లో దాన్ని తిరగేసి కట్టాడు. ముందు రెండు, వెనక ఒకటి, ఇంజను ముందు చక్రాల కంటే కూడా ముందుకు వేలాడేసినట్టు బిగించాడు. బరువంతా వెడల్పు వైపు ఉండడం వల్ల ఆ బండ్లు పందేల్లో కూడా నిలబడ్డాయి. ఆ కంపెనీయే 2011లో దాదాపు రెండు లీటర్ల ఇంజనుతో అదే రకం బండి మళ్లీ తెచ్చింది.

అదే ఇంగ్లండులో 1973లో రిలయంట్ రాబిన్ అని ఇంకోటి వచ్చింది. మన ఆటో లెక్కన ముందు ఒకటే చక్రం, కానీ ఇంజను కూడా ముందే, ఆ ఇరుకు వైపే. పన్ను తక్కువని, మోటారు సైకిల్ లైసెన్సుతో నడపొచ్చని జనం కొన్నారు. పడిపోయే బండి అని పేరు పడింది. 2010లో బీబీసీ టాప్ గేర్ కార్యక్రమంలో జెరెమీ క్లార్క్‌సన్ దాన్ని మలుపు మలుపుకూ పడేసి నవ్వించాడు. ఆ వీడియో మేనల్లుడు నాకు పంపితే నేను వాడికి దాని వెనక కథ పంపాను. ఊరికే పడకపోతే నవ్వు రాదని బండి డిఫరెన్షియల్‌ను ముందే మార్చి పెట్టామని ఆయనే 2016లో పత్రికలో ఒప్పుకున్నాడు. వీడియోల్ని చూసి బండ్లు కట్టొద్దు, వీడియోల్ని చూసి భయపడనూ వద్దు.

మన దేశంలోనూ బలమైన ఇంజనుతో మూడు చక్రాల బండ్లు కట్టినవాళ్లున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలేసిన హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకు వెనక రెండు చక్రాల పెట్టె తగిలించి ఢిల్లీలో సర్దార్జీలు సవారీలు తోలారు. ఫట్‌ఫటీ అనేవాళ్లు. పొగ ఎక్కువని 1990ల చివర్లో ఆపేశారు గానీ అప్పటిదాకా కన్నాట్ ప్లేస్ దగ్గర అవి డుబుడుబుమని తిరిగేవి.

శుక్రవారాల్లో సీలైన్ వైపు వెళ్లినవాళ్లు అక్కడ ఇసుక దిబ్బల దగ్గర కిరాయికిచ్చే క్వాడ్ బైకులు చూసే ఉంటారు. అన్నీ నాలుగు చక్రాలవే. ఒకప్పుడు అవి మూడు చక్రాలవి. లావు లావు టైర్లు, ముందు ఒకటి వెనక రెండు, మనిషి పైన కూర్చుంటాడు కాబట్టి కేంద్రం ఎత్తు. హోండా 1970లో మొదలుపెట్టింది. అమెరికాలో అవి విపరీతంగా అమ్ముడుపోయాయి, విపరీతంగా బోల్తా కొట్టాయి. దెబ్బలు తగిలినవాళ్లలో పిల్లలు చాలామంది. చివరికి 1988లో అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. తర్వాత 2008లో చట్టమే వచ్చింది. మా అక్క అడిగిన ప్రశ్న అమెరికా ప్రభుత్వం కూడా అడిగిందన్నమాట.

వారం తర్వాత మేనల్లుడికి ఫోన్ చేసి పైసల మాట ఎత్తకుండా బండి తూకం వేయమన్నాను. వాడికి అర్థం కాలేదు.

"మొత్తం తూకమా మామా? మిల్లుకాడ వే బ్రిడ్జి ఉంది."

"మొత్తం ఎవనికి కావాలెరా? ఒక్కొక్క గిర్ర మీద ఎంత పడుతున్నదో చెప్పు."

వడ్లు తూచే కాంటా తెమ్మన్నాను. ఒక చక్రం కాంటా మీద పెట్టి, మిగతా రెండు చక్రాల కింద అదే ఎత్తు చెక్కలు పెట్టి, బండిలో ఇద్దరు కూర్చుని తూచాలి. అట్లా మూడుసార్లు. ఆ తర్వాత వెనక చక్రాన్ని జాకీతో బాగా పైకెత్తి ముందు చక్రాల్ని మళ్లీ తూచాలి. ఎత్తినప్పుడు ముందు బరువు ఎంత పెరిగిందో దాన్నిబట్టి కేంద్రం ఎంత ఎత్తులో ఉందో లెక్క కట్టొచ్చు. ఈ పద్ధతి నాకు మా గోడౌన్ సేఫ్టీ ఆఫీసర్ చెప్పాడు. తమిళాయన. నేను మేనల్లుడి బొమ్మ చూపించగానే ఆయనకు నాకంటే హుషారు ఎక్కువైంది.

జుమ్మా రోజు అంకెలు వచ్చాయి. ముందు ఒకటి 130 కిలోలు, ఇంకోటి 125, వెనక ఒక్కదాని మీదే 265. మొత్తం 520. ముందు చక్రాల మధ్య 150 సెంటీమీటర్లు, ముందుకూ వెనక్కూ మధ్య 240. వాడు సీట్ల వెనక ఇంజను పెట్టాడు, దాని మీద ట్యాంకు, పక్కన బ్యాటరీ. బరువులో సగానికి పైన ఇరుకు కొస మీద కూర్చుంది. సేఫ్టీ ఆఫీసర్ కాగితం మీద లెక్క వేశాడు. కేంద్రం దగ్గర ఒక్కో పక్కకు మిగిలిన జాగా 37 సెంటీమీటర్లు. కేంద్రం ఎత్తు సుమారు 50. అంటే బరువులో నూటికి 74 వంతుల బలం పక్కకు తోస్తే చాలు, బండి లేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి. ఎండిన తారు రోడ్డు మీద మామూలు కారు టైరు నూటికి 80, 90 వంతుల దాకా పక్కతోపును పట్టి ఉంచుతుంది. ఆ పైన జారుతుంది. మామూలు కారు మలుపులో అతి చేస్తే ముందు టైర్లు జారతాయి, కీచుమంటాయి, బండి రోడ్డు దిగుతుంది గానీ బోల్తా పడడం అరుదు. మేనల్లుడి బండిలో టైరు పట్టు వదలకముందే చక్రం లేస్తుంది. అరుపు ఉండదు, హెచ్చరిక ఉండదు. మూడు చక్రాల కారు కట్టేవాడు మొదట చూసుకోవాల్సింది ఇదే. బండి పడేలోపే జారాలి. జారేటప్పుడు పక్కన రాయో గుంతో తగిలితే ఎట్లాగూ పడుతుంది, అది వేరే సంగతి.

పైగా వాడిది ఫోర్క్‌లిఫ్ట్ త్రిభుజం. ఆటో మలుపులో బ్రేకుకు పడుతుంది. ఇది మలుపులో ఎక్సలేటర్‌కు పడుతుంది. గ్యాసు ఇస్తే బరువు వెనక్కు, ఇరుకులోకి పోతుంది. 47 హార్స్‌పవర్ చేతిలో ఉన్న పాతికేళ్ల కుర్రాడు మలుపు దాటకముందే గ్యాసు ఇవ్వకుండా ఉంటాడా?

అంకెలు చెప్తే వాడు అలిగాడు. రెండు రోజులు ఫోన్ లేదు. మూడో రోజు చేసి, "ఇంజన్ ముంగటికి జరిపితే ఎనక గిర్రకు పట్టు తగ్గుతది కద మామా, పికప్ పోతది" అన్నాడు. నిజమే. లాగేది వెనక ఒక్క చక్రమే కాబట్టి దాని మీద బరువు తగ్గితే అది ఊరికే తిరుగుతుంది. వాడు చెప్పింది తప్పు కాదని ఒప్పుకున్నాను. అయితే పికప్ కావాలా, నిలకడ కావాలా తేల్చుకొమ్మన్నాను. మోర్గాన్ అయినా స్లింగ్‌షాట్ అయినా ఇంజను ముందు పెట్టి నిలకడకే ఓటేశాయి.

చివరికి వాడు ఛాసీ కోశాడు. సీట్లు అడుగున్నర ముందుకు జరిపి కిందికి దించాడు. ఇంజను సీట్లకు ఆనుకునేలా తెచ్చాడు, గొలుసు పొడుగు చేసుకున్నాడు. ట్యాంకు, బ్యాటరీ ముందుకు పోయాయి. ముందు చక్రాల మధ్య దూరం 165కు పెంచాడు. మళ్లీ వడ్ల కాంటా. ముందు 158, 157. వెనక 205. పక్క జాగా 50 సెంటీమీటర్లు, ఎత్తు 45కు దిగింది. ఇప్పుడు నూటికి నూరు పైన తోస్తే గానీ లేవదు. దానికంటే ముందే టైరు జారుతుంది. సేఫ్టీ ఆఫీసర్ కాగితం మీద టిక్కు పెట్టి నా వీపు తట్టాడు, బండి నేనే కట్టినట్టు.

అప్పుడు పైసలు పంపాను. రెండున్నర లక్షలు కాదు. ముందు బ్రేకులకు, తల పైన ఇనుప కమానుకు, రెండు బెల్టులకు ఎంతవుతుందో అంత. కాగితాల సంగతి కూడా తేల్చి చెప్పాను. మన దేశంలో రోడ్డెక్కే బండి నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. కంపెనీ ఇచ్చిన బండి రూపం మార్చి తిప్పడం కూడా కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. షెడ్డులో కట్టిన బండికి నంబరు రాదు, బీమా రాదు. కాబట్టి అది రోడ్డెక్కదు. ట్రాలీ మీద షూటింగు చోటుకు తీసుకుపోవాలి, అక్కడ దించి తిప్పి మళ్లీ ట్రాలీ ఎక్కించాలి. కిరాయి లెక్కలో ట్రాలీ ఖర్చు కలుపుకుంటే మిగిలేది ఎంతో వాడే చూసుకున్నాడు. మొదట అనుకున్నంత లేదు గానీ షెడ్డుకు పేరు వస్తుందంటున్నాడు. పేరుతో అప్పు తీరుతుందా అని మా బావ అడుగుతున్నాడు. ఇద్దరి మాటా నిజమే.

పోయిన నెల రైస్ మిల్లు వెనక సిమెంటు కల్లంలో మొదటిసారి తిప్పాడు. మా అక్క చూడనని ఇంట్లో కూర్చుందట. సున్నపు గీతలు గీసి, మొదట 15 వేగంతో, తర్వాత 20, 25 అని పెంచుకుంటూ గుండ్రంగా తిప్పాడు. 30 దగ్గర ముందు టైర్లు కీచుమని బయటికి జారాయి, చక్రం మాత్రం లేవలేదు. వీడియో పంపాడు. ఆ కీచు వినగానే మా గదిలో అందరం లేచి చప్పట్లు కొట్టాం. పక్క గది నేపాలీ వాళ్లు క్రికెట్ మ్యాచ్ అనుకుని వచ్చారు.

ఇప్పుడు గొడవ టైర్ల మీద నడుస్తోంది. వీడియోలో అందంగా ఉండాలని వాడు ముందు వెడల్పాటి, బాగా అంటుకునే టైర్లు వేస్తానంటున్నాడు. పట్టు పెరిగితే జారడం ఆలస్యమవుతుంది, అప్పుడు మళ్లీ జారడం ముందా లేవడం ముందా అన్న లెక్క మొదటికొస్తుంది. వెనక పెద్ద బైకు టైరు వేస్తానని ఇంకో పంచాయితీ. బైకు ఒరుగుతుంది కాబట్టి దాని టైరు గుండ్రంగా ఉంటుంది. ఒరగని బండికి అది వేస్తే నడిమి సన్నటి పట్టీ మాత్రమే నేలను తాకుతుంది. కారు టైరే వెయ్యరా అంటే చూడ్డానికి బాగుండదు మామా అంటాడు. జీతం పడేదాకా టైరు పైసలు పంపేది లేదని చెప్పాను. ఈలోగా వడ్ల కాంటా తిరిగి ఇయ్యలేదని సెంటర్ వాళ్లు వాడి వెంట పడుతున్నారట.